కోపెన్‌హాగన్‌లో తెలిసిన మన తెలుగు ఋణము



2023 జూన్ మాసములో, దేవుని కృపవలన, నేనూ నా భార్యా మా అమ్మాయీ డెన్మార్క్ దేశపు రాజధానియైన కోపెన్‌హాగన్ నగరము చూచి వచ్చాము. సభలకని వెళ్ళలేదు, సువార్త పని మీద వెళ్ళలేదు. ఊరు చూడడానికే వెళ్ళాము. మా తమ్ముడు అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగము చేస్తున్నాడు. "అన్నయ్యా, ఎన్నేళ్ళ నుంచో రమ్మంటున్నాను. ఈసారి మీరు రాకపోతే నేనూ ఇంటికి రాను" అని తనే టిక్కెట్లు తీసి పంపాడు. సంఘపు సొమ్ము ఇందులో ఒక్క రూపాయి కూడా లేదని మొదటే చెప్పుకోవడం మంచిది. పాస్టరుగారు విదేశం వెళ్ళారంటే ఎన్ని మాటలు పుడతాయో మీకు తెలియనిది కాదు!

ఈ ప్రయాణము గురించి రాయమని చాలామంది అడిగారు. ఇంతకాలం జంకాను. ఎందుకు జంకానో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

మా సంఘము దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్.బి.నగర్‌కూ మధ్య ఒక మేడ మీది హాలులో కూడుకుంటుంది. నల్గొండ, సూర్యాపేట వైపు నుంచి వచ్చే బస్సులు ఎల్.బి.నగర్ రింగు రోడ్డు దగ్గర ఆగుతాయి. ఆ బస్సులు దిగి, పిల్లల చదువు కోసమో పని కోసమో ఇక్కడే నిలిచిపోయినవారే మా సంఘములో ఎక్కువ మంది. వారిలో డెబ్బై ఏళ్ళు దాటిన ఒక తల్లి ఉన్నారు. ఆమె చిన్నతనములో బడి మొహం చూడలేదు. నలభయ్యో ఏట, ఊళ్ళో గుడి దగ్గర నడిచిన రాత్రి బడిలో, బైబిలు చదువుకోవాలన్న ఒకే ఒక్క ఆశతో అక్షరాలు దిద్దారు. ఇప్పటికీ వ్రేలు అక్షరము కింద పెట్టి, పెదవులు కదుపుతూ, వాక్యము చదువుకుంటారు.

మేము బయలుదేరే ముందు ఆదివారం ప్రార్థన అయ్యాక ఆమె నా దగ్గరికి వచ్చి, "అయ్యగారూ, గంత దూరం పోతున్నరు గద. ఆ దేశపోల్లకూ మనకూ ఏమన్న చుట్టరికం ఉన్నదా?" అని అడిగారు.

నేను నవ్వాను. "మనకూ వాళ్ళకూ ఏం చుట్టరికం ఉంటుందమ్మా, ఊరికే చూసి వస్తాం" అన్నాను. ఆ జవాబు తప్పని ఆమెకు చెప్పడానికి నేను సముద్రాలు దాటి వెళ్ళి రావలసి వచ్చింది.

శంషాబాద్‌లో విమానమెక్కి, దోహాలో మారి, మరునాడు మధ్యాహ్నానికి కోపెన్‌హాగన్ చేరాము. విమానాశ్రయము నుంచి మెట్రో రైలు. మనకూ 2018 నుంచి ఎల్.బి.నగర్ దాకా మెట్రో ఉంది గనుక రైలు నాకు కొత్త కాదు. కాని 2002లో మొదలైన అక్కడి మెట్రోకు డ్రైవరు లేడు! తొమ్మిదేళ్ళ మా తమ్ముడి కొడుకు అందరికంటే ముందున్న అద్దం దగ్గరికి నన్ను లాక్కుపోయి, "పెద్దనాన్నా, ఇక్కడ నిలబడు, నువ్వే నడుపుతున్నట్టు ఉంటుంది" అన్నాడు. నిజంగానే అలాగే ఉంది. గుండె మాత్రం గుబగుబలాడింది.

ఆ ఊళ్ళో సైకిళ్ళు చూడాలి! సూటు వేసుకున్న ఉద్యోగి సైకిలు మీదే, ముసలమ్మ సైకిలు మీదే. ముందు పెద్ద పెట్టె బిగించిన మూడు చక్రాల సైకిలులో ఇద్దరు పిల్లలను కూర్చోబెట్టుకొని తల్లులు తొక్కుకుంటూ పోతారు. సైకిళ్ళకు వేరే దారి. ఆ దారిలో తెలియక నిలబడితే గంట కొట్టి మరీ హెచ్చరిస్తారు. కొళాయి నీళ్ళు గ్లాసులో పట్టుకొని తాగేస్తారు. జూన్ మాసము గనుక రాత్రి పది గంటలు కావస్తే గాని పొద్దు కుంకదు. "సాయంకాల ప్రార్థన ఎప్పుడు పెట్టుకోవాలండీ, చీకటే పడటం లేదు" అని నా భార్య అడిగింది.

ధరల మాట చెప్పాలి. అక్కడి క్రోనరు అప్పట్లో మన డబ్బులో సుమారు 12 రూపాయలు. ఒక కాఫీ 40 క్రోనర్లు! లెక్క కట్టుకున్నాక నాకు ఆ కాఫీ గొంతు దిగలేదు. మా ఆవిడ ఇంటి నుంచి తెచ్చిన మామిడికాయ తొక్కు, కారప్పొడి మమ్మల్ని ఆ పది రోజులూ కాపాడాయి. అప్పు చేసి పిల్లలను విదేశాలకు పంపుతున్న తల్లిదండ్రులారా, అక్కడ జీతము పెద్దదే గాని ఖర్చూ పెద్దదే అని మరువకండి. పిల్లలు డబ్బు పంపడం ఆలస్యమైతే తొందరపడి అనుమానించకండి.

సముద్రపు ఒడ్డున రాతి మీద కూర్చున్న జలకన్య విగ్రహము చూశాము. 1913లో అక్కడ పెట్టారు. ఫోటోలలో చూసి ఎంతో పెద్దది అనుకున్నాను. తీరా చూస్తే నాలుగడుగుల పైచిలుకు ఎత్తు, అంతే. మన పిల్లలు పాఠాలలో చదువుకునే వికారపు బాతుపిల్ల కథ రాసిన ఆండర్సన్ ఆ ఊరిలోనే నివసించాడు. రంగురంగుల ఇళ్ళు వరుసగా ఉన్న నీహాన్ కాలువ ఒడ్డున ఆయన ఉన్న ఇళ్ళను చూపిస్తారు.

ఇవన్నీ కళ్ళకు ఇంపైన సంగతులు. ఇక కంట నీరు తెప్పించిన సంగతికి వస్తాను.

రెండవ రోజు రాత్రి తమ్ముడి ఇంట్లో కుటుంబ ప్రార్థన పెట్టుకున్నాము. నేను ఇంటి నుంచి తెచ్చిన తెలుగు బైబిలు తెరిచి, కీర్తనల గ్రంథములో ఒక చిన్న కీర్తన తీసి, తమ్ముడి కొడుకు చేతికిచ్చాను. "చదువు నాన్నా" అన్నాను. పిల్లవాడు పుస్తకము వంక చూశాడు, వాళ్ళమ్మ వంక చూశాడు. డేనిష్ చదువుతాడు, ఇంగ్లీషు చదువుతాడు, తెలుగు మాట్లాడతాడు. తెలుగు అక్షరము ఒక్కటీ రాదు.

నాలోని అన్నగారు, పాస్టరుగారు ఇద్దరూ ఒకేసారి లేచారు. "ఏమిరా, కన్నబిడ్డకు అక్షరాలు కూడా నేర్పలేదా? అమ్మ బతికుంటే ఏమనేది?" అని తమ్ముడిని గద్దించాను. మరదలు తల వంచుకుంది. తమ్ముడు కోపగించుకోలేదు. మెల్లగా, "అన్నయ్యా, వీడు పుట్టింది ఇక్కడ. వీడికి రాలేదంటే నా తప్పే, ఒప్పుకుంటాను. మరి మన పాపను చదవమను" అన్నాడు.

మా అమ్మాయి దిల్‌సుఖ్‌నగర్‌లో పుట్టింది. కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య పెరిగింది. అప్పుడు ఇంటర్ చదువుతోంది, క్లాసులో మంచి మార్కులు. బైబిలు తీసుకొని మొదటి వచనము మొదలుపెట్టింది. ఒక్కో మాట కూడబలుక్కుంది. ఒత్తు అక్షరము వచ్చిన ప్రతిచోటా ఆగింది. రెండవ వచనములో రెండు మాటలు దాటవేసింది. మూడవ వచనము దగ్గర, "నాన్నా, ఫోనులో ఇంగ్లీషులో చదవనా?" అని అడిగింది.

ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

పాఠకులారా, నేను ఇంతకాలం జంకింది ఇందుకే. ప్రతి ఆదివారము సంఘము ముందు నిలబడి, పిల్లలకు వాక్యము నేర్పండి అని చెప్పే నేను, నా ఇంట్లో బిడ్డ మాతృభాషలో వాక్యము చదవలేదని పదహారేళ్ళు గమనించలేదు. గమనించలేదంటే అది కూడా పూర్తి నిజము కాదు. చూసీ చూడనట్లు ఊరుకున్నాను. ఇంగ్లీషులో మార్కులు వస్తున్నాయి కదా, తెలుగు ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. కోపెన్‌హాగన్‌లోని పిల్లవాడికి తెలుగు రాకపోవడం వింత కాదు. ఎల్.బి.నగర్ మెట్రో కింద తెలుగు బోర్డులు చూస్తూ పెరిగిన నా బిడ్డకు రాకపోవడం నా నిర్లక్ష్యము. ఆ రాత్రి తమ్ముడి దగ్గర క్షమాపణ అడిగాను.

మరునాడు రౌండ్ టవర్ అనే పాత బురుజు చూడబోయాము. క్రిస్టియన్ 4వ రాజు కట్టించాడు, 1642లో పూర్తయింది. సుమారు 35 మీటర్ల ఎత్తు. దానికి చివర కొద్దిపాటి మెట్లు తప్ప మెట్లే లేవు. లోపల గోడ చుట్టూ తిరుగుతూ ఏటవాలు దారి పైకి పోతుంది. రష్యా చక్రవర్తి పీటరు 1716లో ఆ దారిన గుఱ్ఱము మీదనే పైకి వెళ్ళాడట. బురుజు ముందు గోడ మీద బంగారు రంగు అక్షరాలు కనబడతాయి. వాటి మధ్య హెబ్రీ భాషలో యెహోవా అన్న నాలుగు అక్షరాలున్నాయి. తన హృదయములో సరియైన బోధను, న్యాయమును నడిపించమని రాజు దేవుని వేడుకున్నట్లు ఆ రాతకు అర్థము.

ఆ బురుజును ఆనుకొని ట్రినిటాటిస్ అనే దేవాలయము ఉంది. దాని సంగతి తమ్ముడు చెప్పాడు. రెండవ ప్రపంచ యుద్ధములో జర్మనీ నాజీలు డెన్మార్క్‌ను ఆక్రమించారు. 1943 అక్టోబరులో అక్కడి యూదులను పట్టుకొని పోవాలని చూశారు. కోపెన్‌హాగన్ బిషప్పు ఫుగ్‌ల్‌సాంగ్ డామ్‌గోర్ దానిని ఖండిస్తూ రాసిన ఉత్తరము దేవాలయాలలో చదివి వినిపించారు. జనము తమ ఇళ్ళలో, ఆసుపత్రులలో, దేవాలయాలలో యూదులను దాచి, చేపల పడవలలో ఏడు వేల మందికి పైగా సముద్రము దాటించి స్వీడన్ చేర్చారు. దగ్గరలోనే ఉన్న సమాజమందిరములోని ధర్మశాస్త్రపు చుట్టలను తెచ్చి ఈ ట్రినిటాటిస్ దేవాలయములో దాచారు. యుద్ధము ముగిశాక వాటిని భద్రముగా తిరిగి ఇచ్చారు.

నేను ఆ గుడిలో ఒక బల్ల మీద కూర్చున్నాను. పక్కవారి గ్రంథమును ప్రాణాలకు తెగించి కాపాడినవారు ఒకవైపు. సొంత గ్రంథము ఇంట్లో ఉండి బిడ్డకు చదవడం నేర్పని నేను ఒకవైపు. రాత్రి సంగతి మళ్ళీ గుర్తొచ్చింది.

ఆదివారము అక్కడి ప్రధాన దేవాలయానికి ఆరాధనకు వెళ్ళాము. 1807లో ఇంగ్లీషువారి దాడిలో పాత గుడి కాలిపోతే, 1829 నాటికి మళ్ళీ కట్టారు. లోపల థోర్వాల్‌సెన్ అనే శిల్పి చెక్కిన పన్నెండుమంది అపొస్తలుల పాలరాతి విగ్రహాలున్నాయి. యూదా చోట పౌలును నిలబెట్టాడు. ముందు భాగములో రెండు చేతులూ చాచి నిలిచిన ప్రభువు విగ్రహము. పాదాల కింద, మత్తయి 11:28లోని ఆహ్వానపు మొదటి మాటలు డేనిష్ భాషలో చెక్కి ఉన్నాయి. తల కొంచెం వంగి ఉంటుంది గనుక, దగ్గరికి వెళ్ళి మోకాళ్ళూనితే గాని ముఖము సరిగా కనబడదని అంటారు. మనము విగ్రహాలను పూజించేవారము కాము. అయినా ఆ మాట నాకు బోధగానే తోచింది.

డెన్మార్క్‌లో పదిమందిలో సుమారు ఏడుగురు సంఘ సభ్యులే. కాని ఆదివారము గుడికి వచ్చేవారు కొద్దిమంది. మేము కూర్చున్న వరుసలో మేమే ఉన్నాము. అది చూసి "వాళ్ళకంటే మనమే నయము" అని విర్రవీగబోయాను. అంతలో నా చేతికి పాటల పుస్తకము ఇచ్చారు. పూర్తిగా డేనిష్ భాషలో ఉంది. ఆ దేశ జనాభా మొత్తం సుమారు 60 లక్షలు. మన హైదరాబాదు మహానగరములో ఉన్నంత మంది కూడా లేరు. అయినా వారి పిల్లలు తమ భాషలో చదువుతారు, రాస్తారు, పాడతారు, పై చదువులు కూడా ఎక్కువగా తమ భాషలోనే చదువుతారు. దానితోపాటు ఇంగ్లీషు చక్కగా మాట్లాడతారు. తెలుగు మాతృభాష అని చెప్పినవారు 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశములో 8 కోట్ల పైన. అంతమందిమి ఉండి, ఇంగ్లీషు వస్తే తెలుగు పోవాలి, తెలుగు ఉంటే ఇంగ్లీషు రాదు అని ఎవరు చెప్పారు మనకు?

ఆరవ రోజున క్రిస్టియన్‌హాన్ అనే పేటకు వెళ్ళాము. అక్కడ నీటి ఒడ్డున ఇటుకలతో కట్టిన ఒక పాత గిడ్డంగి ఉంది. తూర్పు దేశాలతో వ్యాపారము చేసిన డేనిష్ కంపెనీవారి సరుకు అక్కడ దింపేవారట. ఏ తూర్పు దేశాలు అని మా అమ్మాయి అడిగింది. అప్పుడు నాకు దియాలజీ చదివిన రోజులలోని సంఘ చరిత్ర నోట్సు ఒక్కసారిగా గుర్తొచ్చింది. అక్కడే గట్టు మీద కూర్చొని, మా అమ్మాయికీ తమ్ముడి కొడుకుకూ ఆ కథ చెప్పాను. మీకూ చెబుతాను.

1620లో డేనులు తంజావూరు ప్రభువు రఘునాథ నాయకుని దగ్గర అనుమతి పొంది, సముద్రతీరాన తరంగంబాడిలో కోట కట్టుకున్నారు. ఆ నాయక రాజులు తమిళ దేశాన్ని ఏలినా వారి ఆస్థాన భాష తెలుగు. రఘునాథుడు స్వయముగా తెలుగు కవి. డేనులు వచ్చింది మిరియాల కోసము, బట్టల కోసము. వేరే సముద్రాలలో వారి ఓడలు బానిసలను కూడా మోశాయి. అది దాచిపెట్టవలసిన సంగతి కాదు. అయితే దేవుడు ఆ వ్యాపారపు దారినే మరొక పనికీ వాడుకున్నాడు.

ఫ్రెడరిక్ 4వ రాజు కోపెన్‌హాగన్ నుంచి ఇద్దరు జర్మనీ యువకులను పంపాడు. వారు సీగన్‌బాల్గు, ప్లూట్‌షౌ. 1705 చివరలో ఓడెక్కి, 1706 జూలై 9న తరంగంబాడిలో దిగారు. సీగన్‌బాల్గు వీధిబడిలో చిన్నపిల్లల పక్కన నేల మీద కూర్చొని, ఇసుకలో వ్రేలితో తమిళ అక్షరాలు దిద్దాడు. తరువాత తమిళములో కొత్త నిబంధన తెచ్చాడు. 1719లో ఆయన చనిపోయాడు. అదే సంవత్సరము బెంజమిన్ షుల్జ్ అనే మరొక మిషనరీ తరంగంబాడి చేరాడు. కొన్నేళ్ళకు మద్రాసు వెళ్ళి, అక్కడ మన తెలుగువారిని చూశాడు. వారి కోసము తెలుగు నేర్చుకున్నాడు. తెలుగు వ్యాకరణము రాశాడు. 1732 నాటికి పాత కొత్త నిబంధనలు రెండూ తెలుగులోకి అనువదించాడు!

ఆ తరువాత ఏమైందో తెలుసా? ఆ బైబిలు అచ్చు కాలేదు. షుల్జ్ జర్మనీకి తిరిగి వెళ్ళి, హాలే పట్టణములో 1746, 1747 సంవత్సరాలలో కొన్ని చిన్న తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. అచ్చయిన తొలి తెలుగు పుస్తకాలు అవేనని చెబుతారు. కాని బైబిలు మాత్రము చేతిరాతగానే ఉండిపోయింది. మన తాతముత్తాతలు దానిని చదవలేదు. మొత్తం బైబిలు తెలుగులో అచ్చయి మన చేతికి రావడానికి మరో నూరేళ్ళు పైగా పట్టింది.

ఆ దారిలో కూడా మళ్ళీ డేనులే కనబడతారు. కలకత్తా దగ్గర సేరంపూరు అప్పట్లో డేనుల ఊరు. ఇంగ్లీషు కంపెనీ తన సీమలో మిషనరీలను ఉండనివ్వకపోతే, 1800లో విలియం కేరీ, మార్ష్‌మన్, వార్డు ఆ ఊళ్ళో డేనిష్ జెండా నీడన తలదాచుకొని ముద్రణాలయము పెట్టారు. విశాఖపట్నములో డెస్ గ్రాంజెస్ అనే మిషనరీ, ఆనందరాయర్ అనే తెలుగు విశ్వాసి కలిసి చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తల అనువాదము 1812లో అక్కడే అచ్చయింది. అదే సంవత్సరము మార్చి 11న ఆ ముద్రణాలయము కాలిపోయింది. ఎన్నో భాషల అచ్చు అక్షరాలు, చేతిరాతలు బూడిదయ్యాయి. వారు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు. 1814లో కేరీ తెలుగు వ్యాకరణము, 1818లో తెలుగు కొత్త నిబంధన అక్కడి నుంచి వెలువడ్డాయి.

ఇంకొక్క మాట. సేరంపూరు కళాశాలకు పట్టాలు ఇచ్చే అధికారము 1827లో రాజశాసనము ద్వారా ఇచ్చినది డెన్మార్క్ రాజు ఫ్రెడరిక్ 6వ వాడు. 1845లో ఆ ఊరు ఇంగ్లీషువారికి అమ్ముడుపోయినా ఆ అధికారము పోలేదు. ఈనాటికీ మన తెలుగు కాపరులలో అనేకులకు బి.డి. పట్టాలు సేరంపూరు సెనేటు పేరు మీదనే వస్తున్నాయి. ఇంటి గోడకు నేను తగిలించుకున్న చిన్న డిప్లొమా కాగితము మీద కూడా ఆ పేరే ఉంది. ప్రతిరోజూ చూస్తూ కూడా, ఆ కాగితపు వేరు కోపెన్‌హాగన్‌లో ఉందని నేను ఎన్నడూ తలచలేదు.

కథ విని మా అమ్మాయి కొంతసేపు నీళ్ళ వైపు చూసింది. "అంటే నాన్నా, ఆయన మన కోసం మొత్తం బైబిలు రాస్తే, ఎవ్వరూ చదవనే లేదా?" అంది. లేదమ్మా, అన్నాను. "ఇప్పుడు అందరి ఇళ్ళల్లో ఉంది, ఇప్పుడు కూడా చదవట్లేదు" అంది. ఇంకేమీ అనలేదు. నేనూ ఏమీ అనలేకపోయాను.

ప్రియులారా, 2 రాజులు 22వ అధ్యాయము చదవండి. యోషీయా కాలములో ధర్మశాస్త్ర గ్రంథము పోయింది. ఎక్కడ పోయింది? శత్రువుల దేశములో కాదు, దేవుని మందిరములోనే. అక్కడే ఉండి, ఎవరూ తెరవక, పోయినదైంది. షుల్జ్ రాసిన గ్రంథమును చదువుదామన్నా మన పెద్దలకు అందలేదు. మనకు అందింది. అట్ట చిరగకుండా, పువ్వుల గుడ్డ చుట్టి, అలమరలో భద్రము చేశాము. ఇంట్లోనే ఉండి పోయిన గ్రంథము అది.

తిరిగి వచ్చిన ఆదివారము ఆ తల్లి మళ్ళీ వచ్చారు. "ఎట్లున్నదయ్యా ఆ దేశం?" అన్నారు. "అమ్మా, నేను మీకు తప్పు జవాబు చెప్పి పోయాను. వాళ్ళకూ మనకూ చుట్టరికం ఉన్నది" అని కథంతా చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నారు. చివరికి, "ఆ దొర కూడ నా లెక్కనే పెద్దయినంక మన అక్షరాలు దిద్దిండన్నట్టు" అన్నారు. ఎన్ని పుస్తకాలు చదివితే మాత్రం నేను ఆ మాట అనగలను!

ఆ సంవత్సరము నుంచి మా హాలులో శనివారము సాయంకాలము పిల్లలకు తెలుగు చదువు పెట్టాము. పలకలు, బలపాలు, బైబిలు, అంతే. ఆ తల్లి ముందు వరుసలో కూర్చొని, తప్పు చదివితే "మల్ల చదువు బిడ్డా" అంటారు. మొదట పదిహేను మంది వచ్చారు. ట్యూషన్లు, పరీక్షలు వచ్చేసరికి ఆరుగురు మిగిలారు. గొప్ప విజయము అని చెప్పను. ఆ ఆరుగురిలో మా అమ్మాయి ఉంది. ఇప్పుడు ఆదివారము పాఠము తనే చదువుతుంది. ఒత్తుల దగ్గర ఇంకా కొంచెము తడబడుతుంది గాని దాటవేయదు. తమ్ముడి కొడుకు ఫోనులో నాకు అక్షరాలు రాసి చూపిస్తాడు. వాడి 'ఞ' చూస్తే నవ్వొస్తుంది. నవ్వను.

పల్లెలలో ఉన్న తల్లిదండ్రులారా! మీరు పొలము కుదువపెట్టి పిల్లలను దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళకు పంపుతున్నారు. మంచిదే. ఇంగ్లీషు నేర్పించండి, అది వారికి అన్నము పెడుతుంది. తెలంగాణలోని బడులలో తెలుగు తప్పనిసరిగా నేర్పాలని 2018లో చట్టము కూడా వచ్చింది. అయితే చట్టము పరీక్ష పెట్టగలదు గాని, ఇంట్లో దీపము దగ్గర కూర్చొని చదివించలేదు. తిమోతి విశ్వాసము మొదట అవ్వయైన లోయిలో, తల్లియైన యునీకేలో ఉండినదని పౌలు రాశాడు (2 తిమోతి 1:5). అవ్వ మాట్లాడే భాష మనుమరాలికి రాకపోతే ఆ విశ్వాసము చేతులు మారడం ఎలా?

ఈ నెలలో ఒక్క పని చేయండి. రాత్రి భోజనమునకు ముందు బిడ్డ చేతికి తెలుగు బైబిలు ఇచ్చి, ఐదు వచనాలు బిగ్గరగా చదివించండి. తడబడితే గద్దించకండి. నేను గద్దించి సిగ్గుపడ్డాను. మీకు చదువు రాకపోతే మరీ మంచిది. "నాకు రాదు బిడ్డా, నువ్వు చదివి వినిపించు" అనండి. ఆ బిడ్డ మీకోసమైనా చదువుతుంది. సెలవులకు ఇంటికి వచ్చిన కొడుకు ఫోను చూస్తూ కూర్చుంటే, తాతగారి దగ్గర కూర్చోబెట్టి చదివించండి.

నేను గ్రీసు దేశస్థులకు, ఇతరులకు ఋణస్థుడనై ఉన్నానని పౌలు భావించాడు (రోమా 1:14). మనమూ ఋణస్థులమే. మూడు వందల ఏళ్ళ నాడు ఎక్కడివాళ్ళో ఇసుకలో అక్షరాలు దిద్ది, అగ్గిలో కాలినదానిని మళ్ళీ రాసి, మనకు అందించిన ఋణము అది. దానిని డెన్మార్క్‌కు తిరిగి కట్టనక్కరలేదు. మన ఇంట్లోనే, మన బిడ్డల ద్వారానే తీర్చవచ్చును.

ప్రభువు మిమ్మును, మీ బిడ్డలను, మీ ఇంటిలో తెరవబడిన గ్రంథమును దీవించును గాక. ఆమేన్.